తెర మీద పచ్చగా ఉంటే అప్‌గ్రేడ్ అయినట్టేనా?

సర్వర్ల పని చూసేవాళ్ళ గ్రూపుల్లో యాన్సిబుల్ గురించి ఒక మెసేజ్ తరచూ తిరుగుతుంటుంది. చేయాల్సిన పనుల్ని (టాస్క్‌లని) ప్లేబుక్ అనే ఫైల్‌లో వరసగా రాసిస్తే, వాటిని బోలెడు సర్వర్లలో తనే చేసిపెట్టే సాధనం యాన్సిబుల్. సారాంశం ఇది: "ఒక్క యాన్సిబుల్ ప్లేబుక్ చాలు. టీ తాగి వచ్చేలోపు 500 సర్వర్లలో మానిటరింగ్ ఏజెంట్ (సర్వర్ బాగోగులు కనిపెట్టి చెప్పే చిన్న ప్రోగ్రాం) అప్‌గ్రేడ్ అయిపోతుంది. అవతల ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ఉంటే సరి. చివర్లో ఫెయిల్డ్ సున్నా అని చూసుకుని ల్యాప్‌టాప్ మూసేయొచ్చు. తేడా వస్తే పాత వెర్షన్ పెట్టేస్తాం. అయినా మానిటరింగే కదా, ప్రొడక్షన్ ఆగదుగా!"

యాన్సిబుల్‌తో నాకు పేచీ లేదు. 500 మెషీన్లలోకి ఒక్కోటిగా లాగిన్ అవ్వమంటే నేనే ఉద్యోగం మానేస్తాను. నా పేచీ ఆ "చాలు", "సరి"లతోనే.

ముందు టీ సంగతి. యాన్సిబుల్‌లో ఫోర్క్స్ అనే సెట్టింగ్ డిఫాల్ట్ 5, అంటే మనం మార్చకపోతే ఒకేసారి ఐదు సర్వర్ల మీదే పని చేస్తుంది. ఒక టాస్క్ అన్నిచోట్లా అయ్యాకే తర్వాతి టాస్క్ మొదలవుతుంది. ప్యాకేజీ ఎక్కడానికి సర్వర్‌కి 10 సెకన్లు వేసుకున్నా, ఆ ఒక్క టాస్క్‌కే 1000 సెకన్లు, దాదాపు 17 నిమిషాలు. ఫోర్క్స్ 50 చేస్తే తొందరగా అవుతుంది, నిజమే. తప్పు కూడా అంతే తొందరగా పాకుతుంది. అందుకే విడతలుగా నడిపే సీరియల్ సెట్టింగ్ పెట్టి ముందు ఒక సర్వర్, తర్వాత 10 సర్వర్లు, ఆ తర్వాత 20 శాతం చొప్పున వదలాలి. ఎంత శాతం సర్వర్లు ఫెయిలైతే ఆగాలో చెప్పే మాక్స్ ఫెయిల్ పర్సంటేజ్ 50 అని రాసి, సగం పోతే ఆగుతుందిలే అనుకునేవాళ్ళున్నారు. ఆగదు. ఆ అంకెను దాటితేనే ఆగుతుంది. సగం దగ్గర ఆగాలంటే 49 రాయాలి.

ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే సరిపోదు, అవతల పైథాన్ కూడా కావాలి. 2024లో వచ్చిన యాన్సిబుల్ కోర్ 2.17కి అవతలి సర్వర్‌లో కనీసం పైథాన్ 3.7 ఉండాలి. లైనక్స్ రకాల్లో సెంటాస్ 7లో ఉన్నది 2.7, రెడ్‌హ్యాట్ 8 తనతో తెచ్చుకునేది 3.6. రెడ్‌హ్యాట్ 8లో పక్కన కొత్త పైథాన్ వేసినా, ప్యాకేజీలు ఎక్కించే డీఎన్‌ఎఫ్ మాడ్యూల్ కదలదు, దానికి కావలసిన లైబ్రరీలు ఆ 3.6కే అతుక్కుని ఉంటాయి.

అసలు ప్రమాదం "ఫెయిల్డ్ సున్నా" దగ్గర ఉంది. సర్వర్ల నుంచి కొలతలు (మెట్రిక్‌లు) సేకరించి అలర్ట్‌లిచ్చే ప్రొమీథియస్ వాడేవాళ్ళకి, ఒక్కో సర్వర్‌లో ఉండి ఆ కొలతలు అందించే ఏజెంట్ నోడ్ ఎక్స్‌పోర్టర్ 0.16 గుర్తుండే ఉంటుంది. 2018లో వచ్చిన ఆ వెర్షన్‌లో చాలా మెట్రిక్‌ల పేర్లు మారిపోయాయి. డిస్క్‌లో మిగిలిన చోటు చెప్పే మెట్రిక్ పేరు చివర "బైట్స్" వచ్చి చేరింది. ప్లేబుక్‌కి ఇదంతా తెలియదు. సర్వీసు లేచింది, దాని 9100 పోర్టు పలుకుతోంది, ఏజెంట్ అందుతోందని చెప్పే "అప్" మెట్రిక్ విలువ 1. అంతా పచ్చగానే ఉంది. గ్రాఫ్ ఖాళీ అయితే ఎవరో ఒకరు చూస్తారు. అలర్ట్ రూల్ పాత పేరుతో ఉండిపోతే మాత్రం ఎవరికీ కనబడదు. లేని మెట్రిక్‌ని అడిగితే ప్రొమీథియస్ ఎర్రర్ ఇవ్వదు, ఖాళీ జవాబిస్తుంది. జవాబు ఖాళీ అయితే అలర్ట్ మోగదు. డిస్క్ నిండిపోతున్నా ఆ రాత్రి అలర్ట్‌లు చూసుకోవాల్సిన ఆన్‌కాల్ డ్యూటీవాడు హాయిగా నిద్రపోతాడు. ముఖ్యమైన మెట్రిక్‌లకి, మెట్రిక్ కనబడకపోతే చెప్పే ఆబ్సెంట్ ఫంక్షన్‌తో ఇంకో రూల్ రాసుకోవాలనేది ఇందుకే.

ఇంకో తిరకాసు ఉంది. ఏజెంట్ కొత్త బైనరీ (ప్రోగ్రాం ఫైల్) పడింది, మార్పు జరిగితేనే చివర్లో నడిచి సర్వీసుని రీస్టార్ట్ చేసే హ్యాండ్లర్ దాకా రాకముందే వేరే టాస్క్ ఫెయిలైంది. దాన్ని సరిచేసి మళ్ళీ నడిపారు. బైనరీ అప్పటికే కొత్తది కాబట్టి యాన్సిబుల్ "మార్పేమీ లేదు" అంటుంది, హ్యాండ్లర్ జోలికి పోదు. ఈసారి ఫెయిల్డ్ సున్నా. నడుస్తున్నది మాత్రం మెమరీలో ఉన్న పాత ప్రాసెసే. కాబట్టి పని అయిందా అని యాన్సిబుల్‌ని అడక్కండి, ప్రొమీథియస్‌ని అడగండి. నడుస్తున్న ఏజెంట్ వెర్షన్ చెప్పే బిల్డ్ ఇన్ఫో మెట్రిక్‌ని వెర్షన్ వారీగా లెక్కపెడితే, పాత ప్రాసెస్ ఎన్ని చోట్ల మిగిలిందో అదే చెబుతుంది.

"పాత వెర్షన్ పెట్టేస్తాం" అన్నది ఏజెంట్ల వరకు నడుస్తుంది. ఇంకో మానిటరింగ్ సాధనమైన జాబిక్స్‌లో, ఏజెంట్ల నుంచి డేటా అందుకునే సర్వర్ దగ్గర నడవదు. కొత్త మేజర్ వెర్షన్ మొదటిసారి లేవగానే డేటాబేస్‌ని తనే మార్చేసుకుంటుంది. ఆ డేటాబేస్ మీద పాత సర్వర్ లేవదు. ముందు తీసిన బ్యాకప్ ఒక్కటే దారి. వరస కూడా ముఖ్యమే: ముందు సర్వర్, తర్వాత ఏజెంట్లు. సర్వర్ కంటే కొత్త ఏజెంట్‌కి సపోర్ట్ లేదు.

ఇక "ప్రొడక్షన్ ఆగదు" అన్న ధీమా. 2024 జూలై 19న సెక్యూరిటీ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్, మెషీన్లకి కాపలా కాసే తన ఏజెంట్‌కి పంపిన అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. కంచే చేను మేసింది. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ఇండిగో ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. తప్పుడు ఫైల్‌ని 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు. కానీ బూటే కాని మెషీన్‌కి ఏ ఆటోమేషన్ అందుతుంది? చాలాచోట్ల మనుషులే వెళ్ళి ఒక్కోదాన్నీ సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైల్ తీసేశారు. ఒక వెర్షన్ వెనకే ఉంటూ జాగ్రత్తపడిన సంస్థలకీ దెబ్బ తగిలింది. వాళ్ళు ఆపుకున్నది సెన్సర్ (ఆ ఏజెంట్ ప్రోగ్రాం) వెర్షన్‌ని, వచ్చిపడింది అది చదువుకునే కంటెంట్ ఫైల్. ఆ ఫైల్ వెర్షన్ ఆపే సెట్టింగ్‌కి లోబడేది కాదు. మీ ఏజెంట్ కూడా మీ ప్లేబుక్‌తో పనిలేకుండా తనంతట తానే ఏమేం దించుకుంటోందో, కొత్త వెర్షన్ ఎక్కించే ముందు ఒకసారి చూశారా?