ఆ నిదానం లోపం కాదు

'లిటిల్ యాక్సిడెంట్స్' (2014) సినిమా మరీ నత్తనడక అని, కథ కృత్రిమమని ఒక సమీక్షలో రాశారు. నేను ఒప్పుకోలేను. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఒక బొగ్గు గని ఊరు. ప్రమాదంలో పదిమంది పోయారు, ఆమోస్ ఒక్కడే బతికాడు. లోపల జరిగింది చెబితే పోయినవాళ్ల కుటుంబాలకు న్యాయం దక్కుతుంది. కానీ గని మూతపడితే మిగతావాళ్ల పని పోతుంది. అలాంటి మనిషి గబగబా ఎలా మాట్లాడతాడు?

ఇక ఓవెన్. తండ్రిని ఆ గనిలోనే పోగొట్టుకున్న కుర్రాడు. గని అధికారి కొడుకు అనుకోకుండా తన వల్ల చనిపోతే, ఆ సంగతి కడుపులో దాచుకుని తిరుగుతాడు. తండ్రి కోసం మనసారా ఏడవడానికి కూడా ఆ భయం అడ్డమే. అంతా తెలిసిన తమ్ముడు పక్కనే ఉంటాడు. ఆ ఇద్దరి సీన్లలో నాకు ఊపిరాడలేదు. ఆమోస్‌కీ ఆ అధికారి భార్యకీ మధ్య చనువు మాత్రం తొందరగా కుదిరింది, అక్కడ నాకూ నమ్మకం కలగలేదు.

"కథ కృత్రిమం" అన్న మాట ఇంకా బాధించింది. అదే రాష్ట్రంలో 2010 ఏప్రిల్ 5న అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో మీథేన్ వాయువు అంటుకుని, బొగ్గు ధూళి పేలి 29 మంది చనిపోయారు. ధూళి మంటల్ని ఆపడానికి చల్లాల్సిన రాతిపొడి సరిపడా చల్లలేదు. గనిలోని ప్రమాదకర పరిస్థితుల్ని రాయడానికి కంపెనీ రెండు లెక్కల పుస్తకాలు పెట్టిందని, అసలుది ఇన్‌స్పెక్టర్లకు చూపించలేదని ప్రభుత్వ దర్యాప్తులో తేలింది.