పారిస్‌లో ఎంతమంది ఉన్నారు?

ఈఫిల్ టవర్ ఉన్న పారిస్ రష్యాలో కూడా ఒకటుంది. చెల్యాబిన్స్క్ ప్రాంతంలో, ఉక్కు ఫ్యాక్టరీల ఊరు మాగ్నితోగోర్స్క్ దాటి తూర్పుకి వెళ్తే వస్తుంది. అన్నీ ఒంటి అంతస్తు ఇళ్లు, పెరట్లో బంగాళదుంప మళ్లు, వాటి మధ్య 50 మీటర్ల ఎత్తున ఒక ఇనప టవర్. సిగ్నల్ కోసం ఎలాగూ టవర్ వెయ్యాలి కదా అని 2005లో ఒక మొబైల్ కంపెనీ దాన్ని ఈఫిల్ ఆకారంలో కట్టించింది. అసలు దానిలో ఆరో వంతు కూడా ఉండదు. ఫొటోలు దిగడానికి మాత్రం జనం వస్తుంటారు.

ఇంతవరకూ వాట్సాప్‌లో తిరిగే సరుకే. నవ్వి, ఇంకో గ్రూపులోకి తోసేస్తాం. నాకు ఆసక్తి కలిగింది టవర్ మీద కాదు, దాని కింద కాపురముంటున్న నగైబక్‌లు అనే చిన్న జాతి వాళ్ల మీద. మన తెలుగు సంఘం పత్రికలో ఏళ్లుగా నడుస్తున్న ‘మా ఊరు’ పేజీ గురించి నాకున్న గొడవ కూడా వాళ్ల కథ చదివాకే నాకు సరిగ్గా అర్థమైంది.

ఉరల్ పర్వతాలకి తూర్పున, దక్షిణంగా పోయేకొద్దీ అడవి పలచబడి స్టెప్పీ మొదలవుతుంది. కనుచూపు మేర గడ్డి, అక్కడక్కడా బిర్చ్ చెట్ల గుంపులు, సన్నటి ఏళ్లు. చలికాలం మైనస్ 30 మామూలే, వేసవిలో 30 దాటే రోజులూ ఉంటాయి. వాన మన అనంతపురం కంటే తక్కువ. అయినా నేల నల్లది, సారవంతమైనది. మంచు కరిగిన తడి మీద గోధుమ లేస్తుంది. దున్నకముందు అది కజక్, బష్కిర్ పశువుల కాపరులు మందలతో తిరిగే పచ్చిక. ‘ఖాళీ భూమి’ అని రాసేవాళ్లు ఈ ముక్క మర్చిపోతారు. 1830ల్లో రష్యన్ ప్రభుత్వం ఓర్స్క్ నుంచి త్రోయిత్స్క్ దాకా కొత్త సరిహద్దు గీత గీసి, కోటలు కట్టి, ఆ పచ్చికని లోపలికి కలుపుకుంది. భూములు పోయిన కజక్‌లలో రగిలిన కోపం వాళ్ల నాయకుడు కెనెసరి లేపిన తిరుగుబాటుకి ఒక కారణం. అది 1837 నుంచి 1847 దాకా సాగింది.

గీత గీస్తే సరిపోదు, దాని మీద మనుషులుండాలి. అందుకు తెచ్చిన వాళ్లలో నగైబక్‌లు ఒకరు. మాట్లాడేది తాతార్‌కి దగ్గరి తుర్కిక్ భాష, మతం ఆర్థడాక్స్ క్రైస్తవం, వృత్తి సరిహద్దులు కాచే కసాక్ గుర్రపు సైనికులు. 1736లో అన్నా మహారాణి వాళ్లకి పన్ను తీసేసి, బదులుగా సైన్యంలో కొలువు చెయ్యమంది. ఉరల్‌కి పడమటనున్న ఉఫా వైపు తమ ఊళ్లలో ఉంటూ వంద సంవత్సరాలు అలాగే చేశారు. 1812లో నెపోలియన్ మీద యుద్ధానికి వెళ్లారు, ఆ సైన్యాలతోనే యూరప్ దాకా నడిచారు. 1842లో ‘ఇల్లూ వాకిలీ సర్దుకుని కొత్త గీత మీదకి పదండి’ అని హుకుం వచ్చింది. బళ్ల మీద సామాను, వెనక పశువులు, వందల కిలోమీటర్ల దారి. వెళ్లాక ఊళ్లకి పేర్లు కూడా లేవు, నంబర్లే.

1843లో ఓరెన్‌బుర్గ్ గవర్నర్ ఒబ్రుచెవ్ హయాంలో ఆ నంబర్లు తీసేసి, రష్యన్ సైన్యం గెలిచిన చోట్ల పేర్లు పెట్టారు. అలా స్టెప్పీ నిండా పారిస్, బెర్లిన్, లైప్‌జిగ్, కాసెల్, వర్నా మొలిచాయి. నగైబక్ జిల్లా కేంద్రం పేరు ఫెర్షాంపెన్వాజ్. 1814 మార్చిలో పారిస్ లొంగిపోవడానికి కొద్ది రోజుల ముందు యుద్ధం జరిగిన ఫ్రెంచి ఊరది. పక్కనే ఒస్త్రోలెంకా ఉంది. 1831లో పోలండ్ తిరుగుబాటుని అణిచిన యుద్ధం పేరు. అంటే గొప్పలన్నీ ఒకే రకం కావు. ‘మా తాతలు పారిస్ చూసొచ్చి పెట్టుకున్న పేరు’ అని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. కానీ పేరు పెట్టింది ఆఫీసు.

మన దగ్గరా ఇలాంటివి లేకపోలేదు. కర్ణాటకలో తుంగభద్ర కాలువ కింద సింధనూరు, గంగావతి వైపు వలస వెళ్లిన మనవాళ్ల ఊళ్ల పేర్లలో ఇప్పటికీ ‘క్యాంపు’ ఉంటుంది. మూడో తరం కూడా క్యాంపులోనే పుడుతోంది.

ఇక జనాభా. 1926 జనగణనలో నగైబక్‌లు 11 వేల పైచిలుకు. మరుసటి ఏడాది వాళ్ల పేరు మీద జిల్లా కూడా ఏర్పడింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు లెక్కల్లో వాళ్లు లేరు. చచ్చిపోలేదు, వలసపోలేదు. లెక్క రాసేవాళ్లు ‘తాతార్’ గడిలో వేశారు, అంతే. జిల్లా పేరు నగైబక్, అందులో నగైబక్ సున్నా! సోవియట్ యూనియన్ పోయాక మళ్లీ గుర్తింపు వచ్చింది. 2000లో రష్యా తన చిన్న ఆదివాసీ జాతుల జాబితాలో వాళ్లని చేర్చింది. 2002లో 9,600 మంది, 2010లో 8,148 మంది, 2021కి ఆరు వేల లోపు. ఈ తగ్గుదలలో నిజంగా తగ్గిన మనుషులు ఎందరు, పట్నం వెళ్లి ‘రష్యన్’ అనో ‘తాతార్’ అనో రాయించుకున్నవాళ్లు ఎందరు అన్నది ఆ అంకెలు చూస్తే తెలియదు.

మన ‘మా ఊరు’ పేజీతో నా గొడవ ఇదే. మండలం, స్టేషన్‌కి దూరం, గుడి, ఊరికి పేరు తెచ్చిన నలుగురు, చివర జనాభా ఇంత. ఆ అంకె ఏ సంవత్సరం లెక్కో రాయరు. చెరువు ఎవరిది, ఏ పేట ఎప్పుడు ఏర్పడింది, కరువులో ఎవరెటు పోయారు, ప్రాజెక్టు నీళ్లొచ్చాక ఎవరొచ్చి భూములు కొన్నారు, ఎవరమ్ముకున్నారు, ఇవేవీ ఉండవు. ఊరి చరిత్ర అంటే అదే కదా. నాలుగు ఫొటోలకి పోయే చోటు దీనికిస్తే చాలు.

మన గురించి కూడా అంతే. అమెరికాలో తెలుగువాళ్లు ఇంతమంది అని వేదికల మీద దంచే లెక్క చాలావరకు జనగణన సంస్థ ఏటా వేసే సర్వే నుంచి వస్తుంది. ఆ సర్వే అడిగేది ఇంట్లో ఏ భాష మాట్లాడతారని. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే మన పిల్లవాడు ఆ లెక్కలో తెలుగువాడు కాదు. మారిషస్‌లో పద్ధతి వేరు. అక్కడి జనగణనల్లో పూర్వీకుల భాష ఏది, ఇంట్లో మాట్లాడేది ఏది అని రెండూ అడుగుతూ వచ్చారు. కోరంగి రేవు నుంచి చెరకు తోటలకి పోయిన వాళ్ల సంతానంలో మొదటి గడిలో ‘తెలుగు’, రెండో గడిలో ‘క్రియోల్’ అని రాసే కుటుంబాలున్నాయి. రెండూ నిజమే.

మన సంఘం సభ్యత్వ ఫారంలో ఇప్పుడున్నది పేరు, ఫోన్, టీషర్టు సైజు. ఈసారి ప్రింటుకి వెళ్లేముందు ఇంకో మూడు గడులు పెట్టండి: మీ పూర్వీకుల ఊరు, ఆ ఊరికి మీ వాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఇప్పుడు ఇంట్లో పిల్లలు ఏ భాషలో మాట్లాడతారు. మూడోది నింపడానికి కొందరు మొహమాటపడతారు. పేరు లేకుండా తీసుకోండి, కానీ ఆ గడి మాత్రం తీసెయ్యకండి.