పత్రికకి చెప్పే అంకె, హోటల్‌కి రాసిచ్చే అంకె

2025 జులై 4 వారాంతంలో అమెరికా తెలుగువాళ్ళకి ఒక చిక్కు వచ్చిపడింది. అక్కడి తెలుగువాళ్ళ పెద్ద సంఘాల్లో రెండు, తానా, నాట్స్. మిషిగన్‌లోని నోవైలో తానా మహాసభలు 3 నుంచి 5 వరకు, ఫ్లోరిడాలోని టాంపాలో నాట్స్ సంబరాలు 4 నుంచి 6 వరకు. అక్కడ బావగారు కమిటీలో ఉంటే ఇక్కడ కాలేజీ బ్యాచ్ కలుస్తోంది. ఎటు వెళ్ళినా రెండోవైపు నుంచి "మా దగ్గరికి రాలేదేం" అనే మాట తప్పదు. రెండు సంఘాలూ ఒకే తేదీలు ఎందుకు పెట్టుకున్నాయన్న ప్రశ్నకి మనవాళ్ళు చెప్పుకునే జవాబు పోటీ, పంతం. అందులో నిజం లేదని నేను అనను. కానీ ఆ వారాంతం మీద మనకంటే ముందు కన్నేసేది హోటళ్ళు.

జులై 4 అమెరికా స్వాతంత్ర్య దినం, ఆ సెలవుకి ఆఫీసు పని మీద ఎవరూ ఊళ్ళు తిరగరు. డాక్టర్ల సదస్సులు, సాఫ్ట్‌వేర్ కంపెనీల మీటింగులు ఆ వారం ఉండవు. నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద హోటల్‌కి అది మంచి రోజుల్లో వచ్చిన కరువు. అలాంటి ఖాళీలు నింపే గుంపుల్ని హోటల్ అమ్మకాలవాళ్ళు స్మెర్ఫ్ అనే ఖాతాలో వేస్తారు. సామాజిక, సైనిక, విద్యా, మత, సోదర సంఘాలు అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది. కుల సంఘాలు, చర్చి బృందాలు, మాజీ సైనికుల కలయికలు, వంశాల రీయూనియన్లు, మనం, అందరం ఆ ఖాతాలోవాళ్ళమే. ఆ ఖాతా లక్షణాలు వాళ్ళకి కంఠతా వచ్చు: సెలవు రోజుల్లో వస్తారు, సొంత డబ్బుతో వస్తారు, పిల్లాపాపలతో వస్తారు, ధర దగ్గర గట్టిగా ఉంటారు. మన గురించి వాళ్ళకి ఇంత తెలుసు. మన గురించి మనకి తెలిసింది అందులో సగం కూడా లేదన్నదే నా ఫిర్యాదు.

సభల వ్యాపారం చిన్నదేం కాదు. ఈవెంట్స్ ఇండస్ట్రీ కౌన్సిల్ కోసం ఆక్స్‌ఫర్డ్ ఎకనామిక్స్ వేసిన లెక్క ప్రకారం 2017లో 180కి పైగా దేశాల్లో 150 కోట్ల మంది ఏదో ఒక వ్యాపార సమావేశానికి వెళ్ళారు. నేరుగా ఖర్చయింది 1.07 లక్షల కోట్ల డాలర్లు. నేరుగా దొరికిన ఉద్యోగాలు కోటికి పైనే. మనలాంటి వేడుక సభలు ఆ లెక్కలో పడవు, అది వేరే. కానీ అదే హాళ్ళు, అవే గదులు, అదే వంటశాల, అదే ఒప్పందపు కాగితం.

సభల్ని తమ ఊరికి రప్పించుకునే ఈ వ్యాపారం పుట్టిన ఊరు డెట్రాయిటే. నోవై దాని శివారు. 1895లో మిల్టన్ కార్‌మైకేల్ అనే విలేఖరి అక్కడి పత్రికలో ఒక ఆలోచన చెప్పాడు. మనం ఏ ప్రయత్నం చేయకపోయినా ఇన్ని సభలవాళ్ళు మన ఊరొచ్చి డబ్బు ఖర్చు పెట్టి వెళ్తున్నారే, కాస్త ప్రయత్నిస్తే ఇంకెంతమంది వస్తారో కదా అని. మరుసటి ఏడాదే వ్యాపారులు కూడి ఒక సంఘం పెట్టారు, ఒక మనిషిని ఊళ్ళ మీదికి పంపారు. ఇవాళ ప్రతి నగరానికీ ఉన్న కన్వెన్షన్ బ్యూరోలకి అదే మొదలు.

ఇప్పుడు ఆ బ్యూరోవాళ్ళు మన కన్వీనర్‌ని, అంటే సభల బాధ్యత మోసే మనిషిని, మొదట అడిగేది ఎంతమంది వస్తారని కాదు, ఎన్ని గదులు తీసుకుంటారని. ఒక గది ఒక రాత్రి నిండితే దాన్ని ఒక రూమ్ నైట్ అంటారు. హాలు అద్దెలో తగ్గింపు, నలభై యాభై గదులకి ఒకటి చొప్పున ఉచిత గది, ఒక్కోసారి నగరం నుంచి కొంత నగదు సాయం, అన్నీ ఆ అంకె మీదే ఆధారపడతాయి. హోటల్ గది మీద వేసే పన్నుతోనే చాలా ఊళ్ళలో ఆ హాళ్ళు నడుస్తాయి కాబట్టి వాళ్ళ దృష్టి అక్కడుంటుంది. న్యాయమే.

సరిగ్గా ఇక్కడే మనం దెబ్బ తింటాం. కిక్-ఆఫ్ మీటింగులో మైకు పట్టుకున్న పెద్దమనిషి "పదిహేను వేల మంది వస్తున్నారు" అంటాడు. చప్పట్లు పడతాయి. పత్రికల్లో అదే అచ్చవుతుంది. అంతవరకు నష్టం లేదు, గొప్పలకి పన్ను లేదు కదా. కానీ ఆ ఊపులోనే హోటల్ ఒప్పందంలో కూడా పెద్ద అంకె రాసేస్తారు. ఉదాహరణకి రాత్రికి వెయ్యి గదులు పట్టుకుని (ఇలా ముందే పట్టుకున్న గదుల్ని బ్లాక్ అంటారు), అందులో 80 శాతం నింపుతామని సంతకం పెట్టారనుకుందాం. నిండినవి 600 అయితే మిగిలిన 200 గదుల అద్దె సంఘమే కట్టాలి. గది 180 డాలర్లయితే రాత్రికి 36 వేలు, మూడు రాత్రులకి లక్షా 8 వేలు. ఆ డబ్బు ఎవరూ పడుకోని మంచాలకి పోతుంది.

గదులెందుకు నిండవో మనందరికీ తెలుసు. ఆతిథ్యమిచ్చే ఊళ్ళో ప్రతి తెలుగింటి బేస్‌మెంట్‌లో ఆ మూడు రోజులు పరుపులు పరిచి ఉంటాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో సభ పెడితే వచ్చినవాళ్ళలో చాలామంది రాత్రి మ్యూజికల్ నైట్ అయ్యాక కారెక్కి ఇంటికి పోతారు. బయటి ఊళ్ళవాళ్ళు యాప్‌లో ఇరవై డాలర్లు తక్కువ కనిపిస్తే మన బ్లాక్ వదిలేసి అక్కడ తీసుకుంటారు. ఊరికి తెచ్చిన డబ్బు తెచ్చారు గానీ మన పద్దులో పడదు. ఇక డోనర్ ప్యాకేజీలో ఇచ్చిన గదులు సరేసరి. స్థానిక డోనర్ ఆ గది వాడుకోడు, రద్దు చేసుకోమని చెప్పడు, ఎవరికైనా ఇచ్చెయ్యమని అడిగితే చిన్నబుచ్చుకుంటాడు. పెళ్ళికి ఎంతమందని వంటవాడు అడిగితే ఎవరమూ శుభలేఖల లెక్క చెప్పం, ఆకుల లెక్క చెబుతాం. మన సభల దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంగితం ఎక్కడ వదిలేస్తామో అర్థం కాదు.

భోజనం సంగతి కూడా చెప్పాలి, ఫుడ్ కమిటీలో పనిచేసినవాడిగా నాకు బాగా తెలిసింది అదే. చాలా కన్వెన్షన్ సెంటర్లలో వంటకి ఒకే సంస్థకి హక్కు ఉంటుంది. మన కేటరర్ గుత్తి వంకాయ, పప్పు, పులిహోర వండి తేవాలంటే ఆ సంస్థకి మనిషికింత అని విడిగా కట్టాలి. వాళ్ళేమీ వండకుండానే. పైగా వడ్డించే దగ్గర వాళ్ళ మనుషులు ఇంతమంది ఉండాలని షరతు. వంట బయటెక్కడో జరుగుతుంది, హాట్ బాక్సుల్లో లోడింగ్ డాక్ దగ్గరికి, అంటే ట్రక్కుల్లోంచి సరుకు దించే చోటికి వస్తుంది, అక్కడ ట్రక్కుల వరసలో మన వంతు వచ్చేదాకా ఇడ్లీలు ఆగాలి. ఒక మహాసభలో ఉదయం ఏడున్నరకి రావాల్సిన ఉప్మా తొమ్మిదింటికి పైకొచ్చింది, ఈలోగా క్యూ సెక్యూరిటీ గేటు దాకా పోయింది. అందరూ తిట్టింది కేటరర్‌నే. డాక్ టైము ముందే రాయించుకోని ఒప్పందాన్ని ఎవరూ తిట్టలేదు.

స్టాళ్ళవాళ్ళ కష్టం ఇంకోటి. చీరల షాపు అక్క స్టాల్ అద్దె కట్టి, అంతటితో అయిపోయిందనుకుంటుంది. ప్లగ్ పాయింటుకి విడిగా, కార్పెట్‌కి విడిగా, పెట్టెలు డాక్ నుంచి స్టాల్ దాకా మోసినందుకు తూకం ప్రకారం విడిగా బిల్లు వస్తుంది. కంచిపట్టు బరువు తక్కువేం కాదు. హైదరాబాద్ శివార్లలో ప్లాట్లు అమ్మేవాళ్ళకి ఈ బాధ లేదు, ఒక బ్రోషర్, ఒక టీవీ తెచ్చుకుంటే చాలు. మన సభల్లో చేనేత స్టాళ్ళు తగ్గి వెంచర్ల స్టాళ్ళు పెరగడానికి ఈ బిల్లు కూడా ఒక కారణమని నా అనుమానం.

ఇవేవీ మార్చలేని శిలాశాసనాలు కావు. ఫిలడెల్ఫియా కన్వెన్షన్ సెంటర్ సంగతి చూడండి. కార్మికుల ఖర్చులు, పనిలో తగాదాలు భరించలేక పెద్ద పెద్ద షోలు మళ్ళీ రామని చెప్పేస్తుంటే 2014లో కొత్త నిబంధనలు పెట్టారు. గడువులోగా సంతకం చేయని రెండు యూనియన్లకి, అంటే వడ్రంగులకి, సరుకు రవాణా చేసే టీమ్‌స్టర్లకి, అక్కడి పనే పోయింది. కార్మికులకి జరిగింది బాగుందని నేననను, ఆ రగడ చాలాకాలం నడిచింది. కానీ వెళ్ళిపోతామని అనగలిగిన కస్టమర్ మాటకి ఎంత బరువుంటుందో దాన్నిబట్టి తెలుస్తుంది. తానా 2023లో సభలు పెట్టింది అదే హాలులో.

పైగా బజారు కొనేవాడి వైపే మొగ్గి ఉంది. హేవుడ్ శాండర్స్ అనే ఆచార్యుడు 2005లో బ్రూకింగ్స్ సంస్థకి రాసిన నివేదికలో, 1990 నుంచి అమెరికా ఊళ్ళు పోటీలు పడి ప్రదర్శన స్థలాన్ని ఒకటిన్నర రెట్లకి పైగా చేశాయనీ, వచ్చే జనం మాత్రం ఆ మేరకు పెరగలేదనీ చూపించాడు. కన్సల్టెంట్లు చెప్పే "ఇన్ని కోట్ల ఆర్థిక ప్రభావం" లెక్కల్ని ఆయన అసలు నమ్మడు. నేనూ పూర్తిగా నమ్మను. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి కారులో వచ్చి ఫిలడెల్ఫియాలో బిర్యానీ తిన్న మనిషి తెచ్చిన డబ్బు ఎంత? ఇంటి దగ్గర ఉంటే తినేవాడే కదా.

మన ఊళ్ళో సంగతి కొంచెం వేరు. 2006 మేలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశానికి హైదరాబాద్‌లో హెచ్ఐసీసీ అనే అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్ సిద్ధమైంది. 2010లో అక్కడే ప్రపంచ గణిత మహాసభ జరిగింది, ఫీల్డ్స్ పతకాలు అక్కడే ఇచ్చారు. 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు వచ్చాయి. వాటికి వచ్చినవాళ్ళలో చాలామంది వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు, ఎవరి చుట్టాలింట్లోనూ దిగనివాళ్ళు. ఊరికి వచ్చిన డబ్బు నిజంగా కొత్త డబ్బు. అందరూ బయటివాళ్ళయితే సభ విలువ ఎంత తేలిగ్గా తెలుస్తుందో చెప్పడానికే ఈ మాట.

మన సంఘాలు చేయాల్సింది పెద్ద పనేం కాదు. రిజిస్ట్రేషన్‌లో జిప్ కోడ్ ఎలాగూ తీసుకుంటున్నారు. ఎక్కడ దిగుతున్నారన్న ప్రశ్న ఒకటి కలపండి: మన బ్లాకా, వేరే హోటలా, చుట్టాలిల్లా. సభలయ్యాక హోటళ్ళు ఇచ్చే పికప్ రిపోర్టు, అంటే నిజంగా నిండిన గదుల లెక్క, కన్వీనర్ ఫోనులో ఉండిపోకుండా వచ్చే కమిటీకి అందాలి. నిండని గదులకి కట్టిన జరిమానా ఎంతో కూడా అందులో ఉండాలి. కమిటీ మారినప్పుడల్లా పాత కాగితాలన్నీ గ్యారేజీల్లోకి వెళ్ళిపోయి, కొత్తవాళ్ళు మళ్ళీ అ ఆల దగ్గర మొదలుపెట్టడం ఇన్నేళ్ళ సంఘాలకి తగదు. తానాకే 1977 నుంచి అనుభవం ఉంది.

ఇంకో మాట. 2023లో నాట్స్ మే 26న న్యూజెర్సీలో మొదలుపెడితే, జూన్ 30న నాటా అనే మరో తెలుగు సంఘం డల్లాస్‌లో, జులై 7న తానా ఫిలడెల్ఫియాలో. ఏడు వారాలు తిరక్కుండా మూడు మహాసభలు. మూడు సంఘాలూ వేరువేరుగా బేరమాడాయి. ఒకే వేదిక మీద కూర్చోమని నేనడగడం లేదు, అది మనవల్ల కాదు. కనీసం ఒకే హోటల్ గొలుసుతో మూడు సంఘాల గదులూ కలిపి, నాలుగేళ్ళకి ఒకే ధర మాట్లాడుకోమంటున్నాను. పదవుల గొడవ ఇందులో లేదు, ట్రెజరర్లు ముగ్గురు ఒక జూమ్ కాల్‌లో కూర్చుంటే సరిపోతుంది.