బొమ్మలు అడ్డం రాకపోతే సభ ఇంకా బాగుండేది

మొన్న ఆదివారం మా ఊళ్లో స్థానిక చిత్రకారుడి ప్రదర్శన జరిగింది. దానితోపాటే బాలల సహాయార్థం పిల్లలకు చిత్రలేఖన పోటీ పెట్టారు. న్యాయనిర్ణేతలు ముగ్గురిలో నేనూ ఒకణ్ణి. నా అర్హత ఏమిటని అడిగేవారు ఉంటారు కనుక ముందే చెప్పేస్తాను. మిగిలిన ఇద్దరిలో ఒకరికి రంగుల దుకాణం ఉంది, ఇంకొకరికి కల్యాణ మండపం ఉంది. నాకేమీ లేదు. నిష్పాక్షికత అంటే అదే.

ప్రదర్శన ఆ కల్యాణ మండపంలోనే. ముందురోజు రాత్రి అక్కడ పెళ్లి జరిగింది. వేదిక వెనుక థర్మోకోల్ అక్షరాలను ఊడదీసే వ్యవధి లేక, వాటి మీదే మన ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ కొంచెం పొట్టిదైంది. అందువల్ల ఆ రోజు కళ గురించి జరిగిన ప్రసంగాలన్నీ 'చి.ల.సౌ.' అన్న అక్షరాల కిందే జరిగాయి.

ఫ్లెక్సీ మీద ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి వరుసగా నమస్కారాలు పెడుతూ ఉన్నారు. కింద కుడి మూలన తపాలా బిళ్లంత బొమ్మ ఒకటి ఉంది. అది ఆర్టిస్టు గారిదని తర్వాత తెలిసింది. ఆయన ఒకప్పుడు ఈ చుట్టుపక్కల బోర్డులన్నీ రాసిన మనిషి. కిరాణా కొట్ల పేర్లు, లారీల వెనుక నెమళ్లు, గోడల మీద ఎన్నికల గుర్తులు, సినిమా హాళ్ల ముందు నిలువెత్తు హీరోలు, అన్నీ ఆ చేతి మీదుగా వచ్చినవే. ఫ్లెక్సీ వచ్చాక ఆయనను పిలిచేవారు లేరు. అయినా ఆయన ప్రదర్శనకు జనాన్ని పిలవడానికి ఫ్లెక్సీయే ముందుకు వచ్చింది. ఇంత పెద్దమనసు ఇంకే ప్లాస్టిక్‌కు ఉంటుంది?

ఇక బొమ్మల సంగతి. ఏరు దాటించే పంటు మీద సైకిళ్లు పట్టుకుని నిలబడ్డ జనం, లంకల్లో అరటిగెలలు నావలోకి ఎక్కిస్తున్న కూలీలు, వరద తీశాక ఏటిగట్టు మీద ఆరేసిన చాపలు, పరుపులు. ఒక చిన్న నీటిరంగుల బొమ్మ దగ్గర నేను పొరపాటున ఆగాను. గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతున్న ముసలావిడ. దారపు ఉండ దొర్లిపోకుండా కొబ్బరి చిప్పలో పెట్టుకుంది. దగ్గరికి వెళ్లి చూస్తే లేసుకు ఆయన రంగే వేయలేదు. చుట్టూ నీడ వేసుకుంటూ వచ్చి, మధ్యలో కాగితాన్ని వదిలేశారు. ఆ వదిలేసిన తెలుపే లేసయింది. ఇది చూడటానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ నా వెనుక టిఫిన్ల వైపు వెళ్లే దారి ఆగిపోయింది. నిర్వాహకులు ఒకరు వచ్చి నన్ను మర్యాదగా పక్కకు జరిపారు. తప్పు నాదే.

తక్కిన సందర్శకులు ఇలాంటి ఇబ్బంది కలిగించలేదు. "అచ్చం ఫొటోలా ఉందండీ" అని ఒకరు మెచ్చుకున్నారు. చేతిలో ఉన్న ఫోనుతో అంతకంటే బాగా తీయవచ్చని ఆయన వెంటనే తీసి చూపించారు కూడా. ఒక కాంట్రాక్టర్ గారు మాత్రం నిజంగా కొనే ఉద్దేశంతోనే వచ్చారు. పరిగెత్తే ఏడు గుర్రాల బొమ్మ ఉందా అని అడిగారు. హాల్లో తూర్పు గోడ ఖాళీగా ఉందట. ప్రదర్శన మొత్తంలో గుర్రం ఒక్కటే ఉంది, అది మా ఊరి కాటన్ దొర విగ్రహం కింద ఉంది. కాంట్రాక్టర్ గారు దాన్ని శ్రద్ధగా పరిశీలించి, అది పరిగెత్తడం లేదని, పైగా దాని మీద మనిషి ఉన్నాడని తేల్చారు.

సభలో ఒక వక్త అలనాటి చిత్రకారుడు దామెర్ల రామారావు గారిని తలచుకుని కళ్లు తుడుచుకున్నారు. తలచుకోవలసిందే. ఈ గోదావరి ఒడ్డున బొమ్మల్ని ఆగి చూసే దురలవాటు ఒకప్పుడు ఉండేదనడానికి ఆయనే సాక్ష్యం. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ కుర్రవాడి బొమ్మలు చూశాడు. చూసి ఊరుకోకుండా బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకోవడానికి దారి చూపించాడు. కాలేజీ నడుపుకోవలసిన మనిషికి ఇవి పనులా? అదే ఈ రోజుల్లో అయితే నోటుపుస్తకం వెనుక బొమ్మ కనిపించగానే తండ్రిని పిలిపిస్తారు. పిల్లవాణ్ణి పంపేది కూడా బొంబాయికి కాదు, ఐఐటీ కోచింగ్ ఉన్న హాస్టలుకు. బొంబాయి నుంచి తిరిగొచ్చిన రామారావు రాజమండ్రిలో నలుగురికి బొమ్మలు నేర్పుతూ, 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. ఆయన పేరిట రాజమండ్రిలో చిత్రశాల ఉంది. మీరు చూశారా అని ఆ వక్తను తర్వాత అడిగాను. "ఆ వైపు ఎప్పుడూ పని పడలేదండీ" అన్నారు. తన బట్టల కొట్టుకు సరుకు కోసం ఆయన నెలకోసారి వెళ్లేది రాజమండ్రికే.

పోటీకి అంశం 'మా ఊరు'. తలకు 50 రూపాయల రుసుము. ధవళేశ్వరం దిగువన సముద్రం దాకా మా నేల అరచేయిలా ఉంటుంది. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్లు ఇన్ని లక్షల ఎకరాలకు పారాయంటే ఆ పల్లమే కారణం. మా ఊళ్లో ఎత్తయినవంటూ ఉంటే ఏటిగట్టు, కొబ్బరిచెట్లు, పైన చెప్పిన గుర్రం. అలాంటి ఊరి పిల్లలు దాదాపు అందరూ రెండు కొండలు వేశారు. కొండల మధ్య సూర్యుడు. సూర్యుడి కింద నుంచి నది. నది పక్కన గుడిసె. మీసాల్లాంటి పక్షులు నాలుగు. ఈ కొండలు ఎక్కడివమ్మా అని ఒక పిల్లవాడిని అడిగితే వాళ్లమ్మగారు అందుకుని, "పాపికొండలండీ" అన్నారు. మా ఊరి నుంచి పాపికొండలు కనిపించాలంటే భూమి గుండ్రంగా ఉండకూడదు. అయినా తల్లి మాట కాదనలేక రాసుకున్నాను. అసలు ఆ కొండలు వేసింది కూడా ఆవిడే. పిల్లవాడు పక్కన కూర్చుని సమోసా తింటున్నాడు.

ఒక పిల్ల మాత్రం కొండలు వేయలేదు. వెంట పెద్దవాళ్లెవరూ లేరు కనుక వేయించేవారు లేకపోయి ఉండవచ్చు. కిటికీ పక్కన కూర్చుని, కిటికీలోంచి కనిపించే కాలువను వేసింది. కాలువ నిండా గుర్రపుడెక్క, ఆకుల మధ్య ఊదారంగు పూలు. ఆ పచ్చదనం మీద తెల్లగా, గుండ్రంగా ఏవో చాలా ఉన్నాయి. నేను తామరపూలనుకున్నాను. కాదట. రాత్రి పెళ్లి భోజనాల ప్లేట్లట.

"కాలువన్నావు, నీళ్లేవీ?" అన్నారు రంగుల దుకాణం ఆయన. నీలం రంగు అమ్ముడుపోని కాలువను ఆయన ఎన్నడూ చూడలేదు.

"కింద ఉంటాయండి" అంది ఆ పిల్ల.

మండపం యజమాని గారు ఆ బొమ్మను చాలాసేపు చూశారు. ఆ రోజు మొత్తం మీద ఒక బొమ్మను అంతసేపు చూసినది ఆయనొక్కరే. తర్వాత గొంతు సవరించుకుని, చిత్రం వాస్తవానికి దూరంగా ఉందని అభిప్రాయపడ్డారు. మధ్యాహ్నం భోజనం ఆయనే పెట్టిస్తున్నారు. నేను సంతకం చేశాను. ప్రథమ బహుమతి పాపికొండలకు వెళ్లింది.

సహాయ కార్యక్రమం కూడా దిగ్విజయంగా ముగిసింది. పిల్లల రుసుములో శాలువాలు, మెమెంటోలు, దండలు, ఫ్లెక్సీ, రాయితీ మీద మండపం అద్దె పోగా మిగిలినదానితో హాస్టలు పిల్లలకు నోటుపుస్తకాలు కొన్నారు. ఆ పిల్లలు పొద్దున్నుంచీ ముందు వరుసల్లో కూర్చుని చప్పట్లు కొడుతూనే ఉన్నారు. పోటీలో వారిని కూర్చోబెట్టలేదు. సాయం పుచ్చుకునేవారే బహుమతులకు పోటీ పడితే బాగుండదని నిర్వాహకుల ఉద్దేశం. ఫొటో కోసం ఒక్కో పుస్తకాన్ని వేదిక మీది పెద్దలంతా కలిసి పట్టుకున్నారు. పిల్లవాడి చేతికి ఒక మూల దొరికింది.

సాయంత్రం ఇంకో పెళ్లివారు వచ్చేస్తున్నారని బొమ్మలన్నీ గబగబా దించేశారు. అమ్ముడుపోయినవి లేవు. కాకపోతే ఏడు గుర్రాలకు ఆర్డరు ఖాయమైంది. ఆర్టిస్టు గారు అడ్వాన్సు జేబులో పెట్టుకుని, లేసు ముసలావిడను పాత చీరలో చుట్టుకుంటున్నారు.

నేను చేతులు కడుక్కోవడానికి వెనుక వైపు వెళ్లాను. మేము తిన్న ప్లేట్లు కూడా గుర్రపుడెక్క మీదికి చేరిపోయి ఉన్నాయి. మావి తెల్లవి కావు, వెండిరంగువి. ఆ పిల్ల బొమ్మలో ఇవి ఒక్కటీ లేవు. వాస్తవానికి దూరంగా ఉందన్న మా తీర్పులో తప్పేమీ లేదని అక్కడే నిర్ధారించుకున్నాను.