గుట్టుగా ఉంచితే భద్రమేనా?

"సైబర్ దాడుల గురించి ప్రభుత్వం ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది, ఒక్క ముక్క బయటికొచ్చినా హ్యాకర్లకు తాళంచెవి ఇచ్చినట్టే" అనే పోస్టు తెగ తిరుగుతోంది. వినడానికి సబబుగానే ఉంటుంది.

ముందు "హ్యాకర్లకు తెలిసిపోతుంది" అన్న వాదన. ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) రాని లోపం, నడుస్తున్న దర్యాప్తు వివరాలు దాచాల్సిందే, అందులో పేచీ లేదు. మరి దాడి ముగిశాక? 2021లో ఐర్లాండ్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ మీద ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్) దాడి జరిగితే, బయటి నిపుణుల విచారణ నివేదికను అదే డిసెంబర్‌లో ప్రచురించారు. మార్చి 18న ఒక కంప్యూటర్‌లో ఈమెయిల్‌తో వచ్చిన ఎక్సెల్ ఫైల్ తెరిచారు. 31న అక్కడి యాంటీవైరస్ హ్యాకర్ల టూల్స్‌ను గుర్తుపట్టింది కూడా. కానీ దాన్ని కేవలం గమనించే మోడ్‌లో పెట్టారు కాబట్టి అడ్డుకోలేదు. మే 14న దాడి విరుచుకుపడింది. ఇందులో హ్యాకర్లకు కొత్తగా తెలిసిందేముంది, చేసింది వాళ్లే కదా! తెలియాల్సింది మిగతా ఆసుపత్రుల ఐటీ సిబ్బందికి. వాళ్లు వెళ్లి తమ సెట్టింగ్ ఒకసారి చూసుకోవచ్చు.

"రహస్యంగా ఉంటేనే భద్రం" అనేవాళ్లు 2017 నాటి వన్నాక్రై ర్యాన్సమ్‌వేర్‌ని మర్చిపోయినట్టున్నారు. విండోస్‌లో లోపం కనిపెట్టిన అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ, దాన్ని మైక్రోసాఫ్ట్‌కు చెప్పకుండా ఏళ్ల తరబడి తన పనికి వాడుకుంది. ఆ లోపాన్ని వాడుకునే దాని టూల్ చేజారి 2017 ఏప్రిల్‌లో నెట్‌లో పడింది. ప్యాచ్ మార్చిలోనే వచ్చినా చాలామంది వేసుకోలేదు. మేలో వన్నాక్రై దెబ్బకు బ్రిటన్ ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేశాయి. ఏ లోపాన్ని దాచాలో, దేన్ని కంపెనీకి చెప్పాలో ఎవరు, ఎలా తేలుస్తారన్న నియమావళిని ఆ నవంబర్‌లో అమెరికా ప్రభుత్వం బయటపెట్టింది. లోపాల జాబితా మాత్రం ఇవ్వలేదు. గీత గీయాల్సింది అక్కడే.

"జనం టెన్షన్ పడతారు" అంటారా? తమ డేటా పోయిందని తెలిస్తే పాస్‌వర్డ్ అయినా మార్చుకుంటారు.

ఇక "లోపల ఆడిట్ జరుగుతుంది, చాలదా" అన్న మాట. అమెరికా ప్రభుత్వ సిబ్బంది కార్యాలయంలో సరైన భద్రతా అనుమతి లేని సిస్టమ్స్‌ను ఆపేసే విషయం ఆలోచించమని దాని ఇన్‌స్పెక్టర్ జనరల్ (ఆ సంస్థను ఆడిట్ చేసే అధికారి) 2014 నవంబర్‌లో రాశారు. పట్టించుకోలేదు. 2015లో 2.15 కోట్ల మంది వివరాలు పోయినట్టు తేలింది. ఆడిట్ ఆ దొంగతనాన్ని ఆపలేదు, నిజమే. అయితే నివేదిక అందరి ముందూ ఉంది కాబట్టి "మాకు తెలియదు" అనే దారి మూసుకుపోయింది. జులైలో ఆ కార్యాలయ డైరెక్టర్ రాజీనామా చేశారు.