పొదుపు పాఠం వాళ్లకు వచ్చు, అప్పు కాగితం చదవడం నేర్పండి

మహిళలకు ఆర్థిక అక్షరాస్యత సదస్సు అనగానే ముందుగా చెప్పేది పొదుపు గురించే. మన పల్లెల్లో ఆ పాఠం ఎప్పుడో అయిపోయింది. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి దాచుకుంటూ సంఘాలు కట్టింది ఈ ఆడవాళ్లే. చీటీ పాటలో ఎంతకు పాడితే ఎంత పోతుందో నోటిలెక్కతో చెప్పేస్తారు. అయినా 2019లో జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం (ఎన్‌సీఎఫ్‌ఈ) చేసిన జాతీయ సర్వేలో, ఆర్థిక అక్షరాస్యత ఉన్న మహిళలు 21 శాతమేనని తేలింది. నా ఉద్దేశంలో వాళ్లకు లెక్క రాక కాదు, కాగితం మీది లెక్క వాళ్ల భాషలో లేక.

లక్ష రూపాయల అప్పు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ, ఏడాదిలో 12 వాయిదాలు అనుకుందాం. నూటికి రూపాయి వడ్డీయే కదా అనిపిస్తుంది. నెలకు 9,333 కట్టాలి. ఆరు వాయిదాలు కట్టేసరికి సగం అసలు తీరిపోతుంది, వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే పడుతుంది. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గే పద్ధతిలో లెక్కేస్తే ఇది 21 శాతం దాటుతుంది. అంటే నూటికి దాదాపు రూపాయి ఎనభై పైసలు. ఇలా చెబితే సంఘంలో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ఏపీఆర్ (ఖర్చులన్నీ కలిపి ఏడాదికి పడే అసలు వడ్డీ శాతం) అని ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది?

2010లో మైక్రోఫైనాన్స్ అప్పులు ఎన్ని ఇళ్లను కుదిపేశాయో చూశాం. ఒకే ఇంటికి నాలుగైదు కంపెనీలు అప్పులిచ్చి, వారం వారం వసూళ్లకు గుమ్మం ముందు కూర్చున్నాయి. ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఇప్పుడు నిబంధనలు కొంత మెరుగే. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ రుణాలకు అసలు ఖర్చంతా చూపే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ను అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. దాన్ని అడిగి తీసుకోవాలని ఎంతమందికి చెబుతున్నాం?

సంఘం మీటింగులో నెలకొకరి అప్పు కాగితం అందరూ కలిసి చదవాలి. ప్రాసెసింగ్ ఫీజు, బీమా పేరుతో కోసుకున్నది, చేతికొచ్చింది అన్నీ లెక్కేయాలి. ఆ రోజు భర్తలనూ పిలవాలి. సంతకం ఆమెది, డబ్బు ఖర్చయ్యేది ఆయన చేతి మీదుగా, వాయిదా రోజు టెన్షన్ మళ్లీ ఆమెకే అన్న ఇళ్లు మన ఊళ్లలో తక్కువేం లేవు.