పీఠం అదే, విగ్రహమే మారింది

ఈ ఉదయం మా సోవియట్ పుస్తకాల అభిమానుల వాట్సాప్ బృందంలో, నేను ఎంతో గౌరవించే ఒక పెద్దాయన, రష్యాలో 2023 సెప్టెంబరు నుంచి పది, పదకొండు తరగతుల పిల్లలకు దేశమంతటా ఒకే చరిత్ర పాఠ్యపుస్తకం పెట్టారని మురిసిపోతూ, 'చరిత్ర చెప్పడమంటే ఇదీ' అని రాశారు. కింద ఇరవై మంది దండాలు పెట్టారు. నాకు మాత్రం చేతులు లేవలేదు.

ఆ పుస్తకం రాసినవారిలో ఒకరైన మెదీన్‌స్కీ సాక్షాత్తూ అధ్యక్షుడి సలహాదారు. ఇంకా ముగియని ఉక్రెయిన్ యుద్ధం అందులో అప్పుడే పాఠమైపోయింది, అదీ 'ప్రత్యేక సైనిక చర్య' అన్న ప్రభుత్వపు పేరుతోనే. యుద్ధం ఎలా ముగుస్తుందో తెలియకముందే ఆ ప్రశ్నకు మార్కులు కేటాయించేశారన్నమాట.

పాఠ్యపుస్తకాలు అబద్ధాలమయమని బయటపడి 1988లో బడిపిల్లల చరిత్ర పరీక్షనే రద్దు చేసుకున్న దేశమండీ అది! 1939 నాటి హిట్లర్ ఒప్పందంలోని రహస్య పత్రాలను 1989 దాకా, పోలండ్ సైనికాధికారులను వేలల్లో చంపిన 1940 నాటి కతీన్ హత్యలను 1990 దాకా తనవి కావని బుకాయించిన రాజ్యం. అప్పుడూ మాస్కో చెప్పిందే పాఠం.

సోవియట్ యూనియన్ నుంచి విడిపోయినవారందరూ బాగుపడ్డారని నేననను. తుర్క్‌మెనిస్తాన్‌లో అధ్యక్షుడు నియాజోవ్ తాను రాసిన 'రుహ్‌నామా' అనే పుస్తకాన్ని బడులతో ఆగకుండా డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలోకి కూడా తెచ్చాడు. బ్రేకు ఎప్పుడు వేయాలో అందులో రాసి ఉంటుంది కాబోలు. తాష్కెంట్ నడిబొడ్డున మార్క్స్ విగ్రహాన్ని దించేసిన చోట 1993లో తైమూరు గుర్రమెక్కాడు. 1398లో ఢిల్లీని ఊచకోత కోసిన ఆ తైమూరే, సోవియట్ పాఠాల్లో క్రూరుడైనవాడే, ఇప్పుడు ఉజ్బెక్ పిల్లలకు జాతి వీరుడు.

అసలు నా కడుపుమంట వేరే. మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర దుకాణాల్లో చౌకగా దొరికిన పుస్తకాలతోనే నేనూ పెరిగాను. ఆ కాగితం, ఆ బొమ్మలు ఇప్పటికీ ఇష్టమే. కానీ 1932-33లో ఉక్రెయిన్‌లో లక్షలాది మంది తిండి లేక చచ్చారనీ, ఆ కాలంలోనే కజఖ్ పశుపోషకుల పల్లెలు ఆకలికి ఖాళీ అయ్యాయనీ నేను చదివిన వాటిలో ఒక్క వాక్యమైనా లేదు. కిర్గిజ్ కథైనా, జార్జియా జానపదమైనా మనకు అన్నీ 'రష్యా పుస్తకాలే'.

ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వైద్యం చదువుతూ 2022లో మెట్రో స్టేషన్‌లో తలదాచుకుని ఎలాగో ఇల్లు చేరిన మా మేనకోడలిని, ఈ పెద్దాయనే 'రష్యా నుంచి ఎప్పుడొచ్చావమ్మా?' అని పలకరించారు. 'రష్యా నుంచి కాదు తాతగారూ, రష్యా వల్ల వచ్చాను' అంది ఆ పిల్ల. ఆయన అది చమత్కారమనుకుని హాయిగా నవ్వారు.